చైనావాడు మనకంటే ఎక్కువ కష్టపడతాడా?

పోయిన సంచికలో ఫ్యాక్టరీ ఉద్యోగాల మీద రెండు మాటలు రాస్తే దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. అన్నిటికీ జవాబు రాసే చోటు లేదు కాబట్టి నాలుగు తీసుకున్నాను. నాలుగూ తిరిగి తిరిగి ఒక్క దగ్గరికే వస్తున్నాయి: మన కార్మికుడి ఉత్పాదకతనీ చైనా కార్మికుడి ఉత్పాదకతనీ పక్కపక్కన పెడితే ఏం కనిపిస్తుంది, ఎందుకలా కనిపిస్తుంది అని.

ప్రశ్న: సార్, నాకు లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. నాతో కలిపి తొమ్మిది మందిమి. మా మేనల్లుడు ఈమధ్య ఫోన్లో ఒక లెక్క చూపించాడు. మనవాళ్ళు నలుగురైదుగురు చేసే పని చైనాలో ఒక్కడే చేస్తాడట. నాకు ఒళ్ళు మండింది. మా కుర్రాళ్ళు పొద్దున ఎనిమిదిన్నరకి వస్తే రాత్రి ఎనిమిదికి గానీ చేతులు కడుక్కోరు. బెజవాడ మే నెల ఎండలో రేకుల కింద నిలబడి వెల్డింగ్ చేస్తారు. వీళ్ళు బద్ధకస్తులా? ఆ లెక్క నిజమేనా?
- ఒక పాఠకుడు, ఆటోనగర్, విజయవాడ

జవాబు: మీ కోపంలో న్యాయం ఉందండీ. ఉత్పాదకత అని పేపర్లలో రాసే అంకెలో చెమటకి చోటు లేదు. ఒక ఫ్యాక్టరీ ఏడాదిలో తయారుచేసిన సరుకు విలువలోంచి ముడిసరుకు, కరెంటు, డీజిల్ లాంటి ఖర్చులు తీసేస్తే మిగిలేది ఆ ఫ్యాక్టరీ జోడించిన విలువ. దాన్ని అక్కడ పనిచేసినవాళ్ళ సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. ఎవరు ఎంత అలిసిపోయారో అందులో ఎక్కడా ఉండదు.

ఆ 'నలుగురైదుగురు' అన్న లెక్క ఏ సంవత్సరానిది, ఏ డబ్బులో కట్టారు, ఎవరిని కలిపారు, ఎవరిని వదిలేశారు అన్నది చూడకుండా నిజమనీ అనలేం, అబద్ధమనీ అనలేం. దాని గురించి కింద ఇంకో జవాబులో రాశాను. అయితే తేడా ఉన్నమాట నిజం. పెద్ద తేడానే ఉంది.

మీ ఉత్తరం చదివాక ఒక శనివారం ఆటోనగర్ వెళ్ళి ఒక షెడ్డు ముందు గంటసేపు నిలబడ్డాను (మీది కాదు, మీరు అడ్రసు రాయలేదు). ఛాసిస్ మీదికి సైడు పలక ఎక్కిస్తున్నారు. ఇనప యాంగిళ్ళూ రేకూ కలిపి కట్టిన పలక, బాగా బరువు. నలుగురు కుర్రాళ్ళు తువ్వాళ్ళు మడిచి భుజాన వేసుకుని దాన్ని ఎత్తి పట్టుకున్నారు. మేస్త్రీ వెల్డింగ్ హోల్డర్ పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకి అక్కడక్కడ టాకా, అంటే చిన్న అతుకు, వేసుకుంటూ వస్తున్నాడు. మధ్యలో కరెంటు డిమ్మయింది, రాడ్డు ఇనుముకి అంటుకుపోయింది, మేస్త్రీ దాన్ని పీకి మళ్ళీ మొదలుపెట్టాడు. ఇంతసేపూ ఆ నలుగురూ కదలకుండా మోస్తూనే ఉన్నారు. దాదాపు ఇరవై నిమిషాలు. అందులో ఒక పిల్లాడికి పద్దెనిమిది దాటి ఎన్నో నెలలు అయి ఉండదు, చేతులు వణుకుతున్నాయి, కానీ దించలేదు.

ఆ ఇరవై నిమిషాలు వాళ్ళు పడ్డ కష్టం ఎవరూ తీసిపారేసేది కాదు. కానీ గొలుసు లాగి బరువు ఎత్తే చైన్ బ్లాక్ ఒకటీ, పట్టి ఉంచే క్లాంపులు నాలుగూ ఉంటే ఆ పలకని ఒక్కడు ఎత్తి ఆపగలడు, మిగతా ముగ్గురూ ఆ టైములో ఇంకో పలక కడుతూ ఉండొచ్చు. చైన్ బ్లాక్ ఎందుకు పెట్టలేదని అడిగితే ఆ షెడ్డు ఓనరు చెప్పిన మాట నాకు ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. "దాన్ని వేలాడదీయాలంటే పైన గర్డరు వేయాలి, షెడ్డు నాది కాదు, అద్దెది. కుర్రాళ్ళు ఎలాగూ ఉన్నారుగా సార్" అన్నాడు.

'కుర్రాళ్ళు ఎలాగూ ఉన్నారు' అన్న ఆ మాటలోనే చాలావరకు జవాబు ఉంది. మనిషి గంట చవగ్గా దొరికినంత కాలం ఆ గంటని పొదుపుగా వాడుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాదు. రాలేదని ఆ ఓనరుని తిట్టి లాభం లేదు, అద్దె షెడ్డులో ఆయన జేబుకి ఆ లెక్కే సరిపోతుంది.

ఇంకో సంగతి. దేశంలో ఫ్యాక్టరీల ఉత్పాదకత ఎంత అని లెక్క తీసేది పరిశ్రమల వార్షిక సర్వే. అందులోకి వచ్చేవి రిజిస్టరైన ఫ్యాక్టరీలు, అంటే కరెంటు వాడేచోట కనీసం 10 మంది, వాడనిచోట కనీసం 20 మంది ఉండాలన్నది ఆ సర్వేకి చాలాకాలం వాడుతూ వచ్చిన కొలబద్ద. మీరు తొమ్మిది మంది కాబట్టి ఆ లెక్కలోకి రారు. ఆ సర్వే ప్రకారం 2022-23లో అలాంటి ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళు సుమారు కోటీ 85 లక్షల మంది, వాళ్ళు జోడించిన విలువ తలకి ఏడాదికి 12 లక్షల రూపాయల దగ్గర. మీలాంటి చిన్న యూనిట్లకి వేరే సర్వే ఉంది. అందులో తయారీతో పాటు చిన్న వ్యాపారాలు, సేవలు కూడా కలుస్తాయి, 2023-24లో తలకి లక్షన్నర రూపాయలు తేలింది. రెండు సర్వేలూ అచ్చంగా ఒకే రకం కావు గానీ, ఎనిమిది రెట్ల తేడా అంటే మామూలు తేడా కాదు. చైనా దాకా ఎందుకండీ, మన దేశంలోనే ఒక భారతీయుడికీ ఇంకో భారతీయుడికీ మధ్య ఇంత దూరం ఉంది. మీ మేస్త్రీనే రేపు ఒక పెద్ద బస్సుల ఫ్యాక్టరీలో వెల్డింగ్ లైన్ మీద నిలబెట్టండి, అదే చెయ్యి, అదే కన్ను, లెక్కలో మాత్రం ఎనిమిది రెట్లు పనిమంతుడైపోతాడు. కాబట్టి బద్ధకం అన్న మాటని ఇక్కడితో వదిలేద్దాం.

యంత్రాలు కొంటే అంతా సర్దుకుంటుందా అంటే అదీ పూర్తిగా కాదు. స్టాన్‌ఫర్డ్, ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు కొందరు ముంబయి దగ్గర బట్టల మిల్లుల్లో ఒక ప్రయోగం చేసి 2013లో దాన్ని ప్రచురించారు. కొన్ని మిల్లులకి పని పద్ధతులు నేర్పే కన్సల్టెంట్లని పంపారు. వాళ్ళు చెప్పినవి మన ఇంట్లో అమ్మమ్మలు చెప్పేలాంటివే: సామాను ఎక్కడిదక్కడ సర్దిపెట్టడం, ఏ మిషన్ ఎందుకు ఆగిందో రోజూ రాసిపెట్టుకోవడం, బట్టలో లోపాలు ఎక్కడ పుడుతున్నాయో వెంటనే పట్టుకోవడం. మొదటి ఏడాదిలోనే ఆ మిల్లుల ఉత్పాదకత 17 శాతం పెరిగింది. అందులోనే ఇంకో సంగతి బయటపడింది. ఒక మిల్లు ఎంత పెద్దదవుతుందన్నది ఓనరు కుటుంబంలో మగవాళ్ళు ఎంతమంది ఉన్నారన్న దాన్నిబట్టి ఉంటోందట. బయటివాణ్ణి నమ్మి మేనేజరుగా పెట్టుకునే ధైర్యం లేక, అన్నదమ్ములు ఎందరుంటే అన్ని మిల్లుల దగ్గరే ఆగిపోతున్నారు. ఇది చదివినప్పుడు నాకు మన గుంటూరు జిల్లా జిన్నింగ్ మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు కళ్ళముందు తిరిగాయి.

ఒక మాట అడగనా? ఆ పలక కింద ఇకమీద ఎవరి భుజాలూ ఉండకుండా ఏం చేయొచ్చో మీ మేస్త్రీనే అడిగి చూడండి. పలకని కింద నుంచి ఆనించి పట్టే ట్రెస్టిల్ స్టాండ్లకి పైన గర్డరు కూడా అక్కర్లేదు.

ప్రశ్న: ఒకప్పుడు మనమూ చైనా సమానమేనని మా సర్వీసులో ఉండగా క్లాసులో చెప్పేవాణ్ణి. ఇప్పుడు మనవడు నవ్వుతున్నాడు. ఎప్పుడు దాటిపోయారు?
- ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మాస్టారూ, మీరు చెప్పింది తప్పు కాదు, మనవడికి ధైర్యంగా చెప్పండి. ప్రపంచ బ్యాంకు లెక్కల్లో 1990 నాటి తలసరి ఆదాయం డాలర్లలో చూస్తే మనది 370 దగ్గర, చైనాది ఇంకాస్త తక్కువే. 2023కి వచ్చేసరికి మనది 2,500 దగ్గర ఉంటే వాళ్ళది 12 వేలు దాటింది. ఇది తలసరి ఆదాయం లెక్క, ఫ్యాక్టరీ ఉత్పాదకత లెక్క వేరు, అయినా గాలి ఎటు వీచిందో తెలుస్తుంది.

అయితే 1990లో ఆదాయం సమానమే అయినా రెండు దేశాల కింద ఉన్న నేల సమానం కాదు. 1980ల మొదట్లో జరిగిన జనాభా లెక్కల నాటికే చైనా పెద్దవాళ్ళలో మూడింట రెండు వంతుల మందికి చదవడం వచ్చు, మన దగ్గర సగం మందికి కూడా రాదు. ఆడవాళ్ళ సంగతి తీసుకుంటే తేడా ఇంకా ఎక్కువ. ఫ్యాక్టరీలు వచ్చినప్పుడు వాటిలోకి నడిచి వెళ్ళిన పల్లెటూరి ఆడపిల్లలు అక్కడ మిషన్ మీద రాసింది చదవగలిగినవాళ్ళు. నేను చైనా గురించి మాట్లాడేటప్పుడు ఎవరూ పట్టించుకోని ఈ సంగతి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

తర్వాతవి మీకు తెలిసినవే. 1978 డిసెంబరులో డెంగ్ జియావోపింగ్ నాయకత్వంలో సంస్కరణలు మొదలయ్యాయి, పొలాలు కుటుంబాల చేతికి వచ్చాయి, పల్లెల్లో చిన్న చిన్న ఫ్యాక్టరీలు లక్షల్లో లేచాయి, 1980లో షెన్‌జెన్‌తో సహా నాలుగు ప్రత్యేక ఆర్థిక మండళ్ళు తెరిచారు, 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరారు. మనం 1991లో తలుపు తీశాం. కానీ 1967 నుంచి చిన్న పరిశ్రమలే చేయాలని పెట్టిన వస్తువుల జాబితా మాత్రం చాలాకాలం అలాగే ఉంది, ఒక దశలో 800 దాటింది. రెడీమేడ్ బట్టలు కూడా అందులోనే ఉండేవి. అంటే చైనాలో ఒకే కప్పు కింద వేలమంది చొక్కాలు కుడుతున్న రోజుల్లో, మన దగ్గర చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ యంత్రాల మీద పెట్టుబడి ఇంత దాటకూడదని చట్టం. చిన్నవాళ్ళని కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. కానీ చిన్నవాణ్ణి చిన్నవాడిగానే ఉంచేసింది. 2000 తర్వాతగానీ బట్టల్ని అందులోంచి తీయడం మొదలుకాలేదు, జాబితాలో చివరి 20 వస్తువుల్ని 2015లో తీశారు.

ఒక్కటి మాత్రం మనవడికి తప్పకుండా చెప్పండి. చైనా ఉత్పాదకత గీత 1990ల చివర అలా నిటారుగా లేవడానికి ఒక కారణం ప్రభుత్వ ఫ్యాక్టరీల్లోంచి జనాన్ని పంపేయడం. 1998 నుంచి 2001 మధ్య రెండున్నర కోట్ల మందిని అలా ఇంటికి పంపారని అక్కడి ప్రభుత్వమే చెప్పింది. భాగహారంలో కింది అంకె తగ్గితే ఫలితం పెరుగుతుంది కదా మాస్టారూ. ఆ పెరిగిన గీత వెనక నలభై ఐదేళ్ళ వయసులో పని పోయి రోడ్డు పక్కన కూరగాయల బండి పెట్టుకున్న మనుషులు ఉన్నారు. ఆ గీతని చూసి చప్పట్లు కొట్టేటప్పుడు వాళ్ళనీ గుర్తు చేసుకోవాలి.

ప్రశ్న: నేను ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్నాను. ప్రాజెక్టుకి భారత్, చైనా పారిశ్రామిక ఉత్పాదకతని ముప్ఫై ఏళ్ళకి పోల్చాలనుకుంటున్నా. రెండు దేశాల అంకెలూ తీసుకుని డాలర్లలోకి మార్చి గ్రాఫ్ గీశాను. 1994లో చైనా గ్రాఫ్ ఒక్కసారిగా పడిపోయింది. ఏం జరిగిందో అర్థం కావడం లేదు, టెన్షన్‌గా ఉంది.
- ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: టెన్షన్ పడకు తల్లీ, నువ్వు తప్పు చేశావు గానీ చాలా ఉపయోగపడే తప్పు చేశావు. 1994 జనవరి 1న చైనా అప్పటిదాకా విడివిడిగా ఉన్న అధికార రేటునీ మార్కెట్ రేటునీ ఏకం చేసింది, దాంతో డాలరుకి 5.8 యువాన్లు ఉన్న అధికార రేటు 8.7 అయింది. ఒక్క రాత్రిలో నీ గ్రాఫ్‌లో చైనా కార్మికుడి ఉత్పాదకత మూడో వంతు పోయింది. కానీ ఆ రాత్రి ఏ ఫ్యాక్టరీలోనూ ఒక్క మేకు కూడా తక్కువ తయారుకాలేదు. 1991 జూలైలో మన రూపాయి విలువ తగ్గించినప్పుడు మన గీతకీ ఇదే జరుగుతుంది, చూడు.

అందుకే మారకం రేటుతో మార్చకూడదు. కొనుగోలు శక్తి లెక్కతో మారుస్తారు, అంటే అవే సరుకులు కొనడానికి ఈ దేశంలో ఎంత, ఆ దేశంలో ఎంత పడుతుందో చూసి మార్చడం. అందులోనూ ఒక చిక్కుంది: మామూలుగా దొరికే కొనుగోలు శక్తి లెక్కల్లో ఇడ్లీ ప్లేటు, ఇంటి అద్దె, మంగలి షాపు ధర అన్నీ కలిసి ఉంటాయి. ఫ్యాక్టరీ సరుకుని పోల్చడానికి మంగలి షాపు ధర ఎందుకు? ఈ చిక్కు విప్పడానికే నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంవాళ్ళు ఏళ్ళ తరబడి పనిచేశారు. ఒక్కో సరుకు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఈ దేశంలో ఎంత, ఆ దేశంలో ఎంత అని చూసి, ఆ నిష్పత్తితో మార్చారు. కిలో నూలుకి కిలో నూలు, టన్ను సిమెంటుకి టన్ను సిమెంటు. నీ ప్రాజెక్టులో అన్ని పరిశ్రమలూ పెట్టుకోకుండా సిమెంటో నూలో ఒక్కటి తీసుకుని ఈ పద్ధతిలో చేస్తే, నా మాట విను, ఎక్కువ నేర్చుకుంటావు.

రెండోది, ఎవరిని లెక్కపెట్టారు అన్నది. ఈ ముప్ఫై ఏళ్ళలో మనవాళ్ళ సర్వే పది మంది ఉన్న ఫ్యాక్టరీ దగ్గర మొదలవుతూ వచ్చింది. చైనావాళ్ళు ఏటా ప్రకటించే పరిశ్రమల లెక్క 'నిర్ణీత స్థాయికి పైన' ఉన్న కంపెనీలది. 2011 నుంచి ఆ స్థాయి ఏడాదికి 2 కోట్ల యువాన్ల అమ్మకాలు, అంటే మన డబ్బులో ఇరవై కోట్ల పైమాటే. పది మంది పనిచేసే మన పచ్చళ్ళ ఫ్యాక్టరీని తీసుకెళ్ళి ఇరవై కోట్ల కంపెనీ పక్కన నిలబెడితే అది పోలిక ఎలా అవుతుంది? పైగా ఆ స్థాయి అంతకుముందు 50 లక్షల యువాన్లు ఉండేది, 2011లో పెంచారు. కింద ఉన్న చిన్నవన్నీ రాలిపోతే సగటు దానంతటదే పైకి జరుగుతుంది. గ్రాఫ్ మీద 2011 దగ్గర ఒక గీత గీసి ఆ సంగతి రాసిపెట్టు. 1990ల ముందు చైనా అంకెలు వాడితే ఇంకా జాగ్రత్త, అవి చాలావరకు మొత్తం ఉత్పత్తి విలువలు. నూలు మిల్లులో ఒకసారి, ఆ నూలుతో నేసిన బట్టల మిల్లులో ఇంకోసారి, అదే నూలు రెండుసార్లు కలుస్తుంది.

మూడోది మన ఊరి సంగతితో చెబుతాను. 2022 మేలో పత్తి క్యాండీ, అంటే 356 కిలోలు, లక్ష రూపాయలు దాటింది గుర్తుందా? అప్పుడు ఒక స్పిన్నింగ్ మిల్లులో అదే మనుషులు, అదే మిషన్లు, అన్నే కిలోల నూలు తీశారు అనుకో. పత్తి ధర అంత పెరిగితే నూలు ధర దాంతో సమానంగా పెరగదు, మధ్యలో మిగిలే విలువ కరిగిపోతుంది. ఆ ఏడాది లెక్క కట్టినవాడు 'గుంటూరు కార్మికుల ఉత్పాదకత పడిపోయింది' అని రాస్తాడు. వాళ్ళ చేతులు ఏం తప్పు చేశాయి? అందుకని అమ్మిన సరుకు ధరల మార్పు ఒకటీ, కొన్న ముడిసరుకు ధరల మార్పు ఒకటీ విడివిడిగా తీసేయాలి.

ఇక తలకి లెక్కా, గంటకి లెక్కా. చైనాలో '996' అని ఒక మాట ఉంది, పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా, వారానికి 6 రోజులు. 2021 ఆగస్టులో అక్కడి సుప్రీంకోర్టు అది చట్టవిరుద్ధమని చెప్పాల్సి వచ్చిందంటే ఎంత పాకిపోయిందో చూడు. పన్నెండు గంటలు పనిచేసినవాణ్ణి ఎనిమిది గంటలు పనిచేసినవాడి పక్కన తలకి తల పెట్టి పోలిస్తే పెద్ద తప్పు. గంటల అంకెలు దొరికినచోట గంటకే కట్టు.

ప్రశ్న: అయ్యా, నేను చిలకలూరిపేట వైపు ఒక స్పిన్నింగ్ మిల్లులో ఎనిమిదేళ్ళుగా సైడరుగా చేస్తున్నాను. ఇదివరకు నాకు రెండు ఫ్రేములు ఉండేవి, ఇప్పుడు మూడు ఇచ్చారు. ఉత్పాదకత పెరగాలి, చైనాలో ఒక్కత్తే ఇంకా ఎక్కువ చూస్తుంది అంటున్నారు. జీతం అంతే ఉంది. రాత్రి షిఫ్టులో కాళ్ళు పడిపోతున్నాయి. నేను కాదంటే ఒడిశా పిల్లలు వస్తారంటున్నారు. ఇది న్యాయమేనా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని అన్నిటికంటే ఎక్కువసార్లు చదివాను. మీ పని తెలియని పాఠకుల కోసం ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తాను: సైడరు పని అంటే నూలు వడికే రింగ్ ఫ్రేముల మధ్య అటూ ఇటూ నడుస్తూ, వందల స్పిండిళ్ళలో, అంటే కదుళ్ళలో, ఎక్కడ పోగు తెగిందో చూసి, తిరుగుతున్న స్పిండిల్‌ని ఒక చేత్తో ఆపి, రెండో చేత్తో పోగు అతికి వదిలేయడం. కొన్ని సెకన్ల పని. అది షిఫ్టంతా, నడుస్తూ, ఆ మోతలో, ఆ దూదిపొడిలో.

మీరు అడిగిన ప్రశ్న వందేళ్ళ నాటిది. 1910 ప్రాంతంలో చాలా దేశాల నూలు మిల్లుల్లో దాదాపు ఒకే రకం మిషన్లు ఉండేవి. ఆ కాలం లెక్కలు తవ్విన గ్రెగరీ క్లార్క్ అనే ఆర్థిక చరిత్రకారుడు చెప్పేదేమిటంటే, అమెరికాలో న్యూ ఇంగ్లండు మిల్లులో ఒక మనిషి చేసిన పనికి భారత్‌లోనో చైనాలోనో జపాన్‌లోనో దాదాపు ఆరుగురు కావాల్సివచ్చింది. అప్పటికి జపాన్ కూడా మనలాంటి పేద దేశమే, మూడూ ఒకే మెట్టు మీద ఉన్నాయి. ఆ తర్వాత పాతికేళ్ళలో జపాన్ ఎక్కడికో వెళ్ళిపోయింది, 1933కల్లా నూలు బట్టల ఎగుమతిలో ఇంగ్లండునే దాటేసింది. మన మిల్లులు అక్కడే నిలబడ్డాయి.

ఎందుకని? దీని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. మనవైపు యజమానులు పొట్టి పింజ, చెత్త ఉన్న చవక పత్తి కొనేవారు. అలాంటి పత్తికి పోగులు ఎక్కువ తెగుతాయి, ఎక్కువ మంది కావాలి, కూలి చవక కాబట్టి పెట్టేవారు. బొంబాయిలో 1920ల చివర వడికే ఒక్కొక్కరికి ఫ్రేము రెండు వైపులూ, నేసే ఒక్కొక్కరికి మూడు మగ్గాలూ అప్పజెప్పాలని చూస్తే 1928లో లక్షన్నర మంది దాకా కార్మికులు ఆరు నెలలు సమ్మె చేశారు. వాళ్ళది మొండితనం అని రాసినవాళ్ళున్నారు. నేనలా అనను. మగ్గాలు పెరిగితే పక్కవాడి పని పోతుంది, పోయినవాడికి ఇంకో దారి లేదు, మిగిలినవాడి కూలి ఎంత పెరుగుతుందో చెప్పేవాడు లేడు. ఆ స్థితిలో ఎవరైనా అదే చేస్తారు.

జపాన్‌లో పల్లెల నుంచి తెచ్చిన ఆడపిల్లల్ని హాస్టళ్ళలో పెట్టి పదకొండు గంటల షిఫ్టుల్లో రాత్రీపగలూ పనిచేయించారు. క్షయతో చాలామంది పోయారు, అది అందమైన కథేమీ కాదు. కానీ 1929లో ఆడవాళ్ళ రాత్రి పనిని ఆపేశారు. అప్పుడు మిల్లులవాళ్ళు ఏం చేశారో చూడండి. షిఫ్టు ఎనిమిదిన్నర గంటలకి దిగింది, పోయిన గంటల్ని రాబట్టుకోవడానికి మెరుగైన మిషన్లు తెచ్చారు. టొయోడా కంపెనీ 1924లో తెచ్చిన ఆటోమేటిక్ మగ్గం ఎంత బాగా పనిచేసిందంటే, ఇంగ్లండులో పేరుమోసిన ప్లాట్ బ్రదర్స్ కంపెనీ దాని హక్కులు కొనుక్కుంది. మనిషి గంట ఖరీదైనప్పుడే ఓనరు బుర్ర పనిచేస్తుందని నేను అనడానికి ఇదొక కారణం. చైనాలోనూ 2000ల మధ్యనుంచి తీరప్రాంతాల్లో కూలీలు దొరకడం కష్టమై జీతాలు పెరిగాకే రోబోల వైపు పరుగు మొదలైంది. 2023లో ప్రపంచం మొత్తం మీద ఫ్యాక్టరీల్లో కొత్తగా పెట్టిన రోబోల్లో సగానికి పైన, 2 లక్షల 76 వేలు, చైనాలోనే పెట్టారు. మన దేశంలో 8,510.

ఇప్పుడు మీ మూడో ఫ్రేము సంగతి. చైనాలో ఒక్కత్తే ఎక్కువ ఫ్రేములు చూస్తుందన్నది నిజమే అయినా, దాని పక్కన ఇంకో ప్రశ్న ఉంది: ఆమె ఫ్రేము మీద పోగు ఎన్నిసార్లు తెగుతోంది? పత్తి శుభ్రంగా ఉండి, హాల్లో తేమ సరిగ్గా ఉండి, కరెంటు నిలకడగా ఉండి, రింగులూ, వాటి మీద తిరిగే ట్రావెలర్లనే చిన్న కొక్కేలూ టైముకి మారిస్తే పోగులు తక్కువ తెగుతాయి, అప్పుడు మూడు ఫ్రేములూ హాయిగా చూడొచ్చు. యూరియా సంచుల పీచు కలిసిన పత్తి వేసి, తేమ మిషన్ ఆపేసి, మూడు ఫ్రేములు చూడమంటే అది ఉత్పాదకత పెంచడం అవదు, మీ కాళ్ళని అరగదీయడం అవుతుంది. ఈ రెండిటికీ తేడా మిల్లువాళ్ళకి బాగా తెలుసు, దాన్ని కొలిచే లెక్కలు వాళ్ళ దగ్గర ఉంటాయి. వంద స్పిండిళ్ళకి గంటకి ఎన్ని పోగులు తెగుతున్నాయన్నది ఒకటి. వంద కిలోల నూలు తీయడానికి ఎన్ని పనిగంటలు పట్టాయన్నది ఇంకొకటి, హెచ్‌ఓకే అంటారు, మీరూ వినే ఉంటారు.

మీరు చేయగలిగిన పని ఒకటుంది. ఒక చిన్న నోటుబుక్కు తీసుకుని వారం రోజులు రాయండి: ఏ షిఫ్టు, ఏ కౌంటు (నూలు ఎంత సన్నం), ఎన్ని ఫ్రేములు, గంటకి సుమారు ఎన్ని పోగులు అతికారు, ఎప్పుడు కరెంటు పోయింది. మీతో చేసేవాళ్ళు ఇంకో ఇద్దరు ముగ్గురు రాస్తే మరీ మంచిది, ఒడిశా పిల్లల్నీ కలుపుకోండి, వాళ్ళ కాళ్ళూ మీ కాళ్ళలాంటివే. ఆ కాగితంతో సూపర్‌వైజర్ని అడిగితే అది గొడవలా కాకుండా లెక్కలా ఉంటుంది. మూడో ఫ్రేము వల్ల మిల్లుకి ఒక మనిషి జీతం మిగిలితే అందులో మీ వాటా ఎంతో అడగండి. వారానికి 48 గంటలు దాటి చేయిస్తే ఆ పై గంటలకి రెట్టింపు కూలి ఇవ్వాలన్నది చట్టం, అది ఎవరూ మీకు దయతో ఇచ్చేది కాదు.

రాయడం అయ్యాక ఆ నోటుబుక్కు పేజీలు ఫొటో తీసి మాకు పంపండి. మీ పేరుగానీ మిల్లు పేరుగానీ వేయం, వచ్చే సంచికలో మీ అంకెలతోనే లెక్క కట్టి చూద్దాం.